నీళ్లతోనే అసలు పేచీ: ఓ చెత్త గుంత కట్టిన పది నెలలు

ఫిబ్రవరి 13, 2023

ఈరోజు సైటు నా చేతికొచ్చింది. పల్నాడు వైపు చిన్న మున్సిపాలిటీ, జనాభా 60 వేల చిల్లర, రోజుకు 21 టన్నుల చెత్త. పాత డంపింగ్ యార్డు పక్కనే ఖాళీగా ఉన్న జాగాలో శానిటరీ ల్యాండ్‌ఫిల్ సెల్, అంటే చెత్త నీరు నేలలోకి దిగకుండా అడుగున పొరలు వేసిన గుంత కట్టాలి. పైన 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు. కింద గుంత, పైన దిబ్బ కలుపుకుని 20 వేల ఘనపు మీటర్లు పట్టాలి. ఇన్నాళ్లూ నేను కట్టినవన్నీ వాటర్ ట్యాంకులు. నీళ్లు బయటికి కారకుండా కట్టడం అలవాటే కదా అన్న ధైర్యంతో ఒప్పుకున్నాను.

డ్రాయింగులో తవ్వకం లోతు 3.5 మీటర్లు. ట్రయల్ పిట్‌లో 6 మీటర్లు దిగినా తడి తగల్లేదు. బాగుందనుకుని టేపు చుట్టేస్తుంటే పక్క చేను పెద్దాయన గట్టు మీద నుంచి పిలిచాడు. "ఇంజనీరు గారూ, ఇది మాఘమాసం. కార్తీకంలో వచ్చి చూడండి." తన దిగుడు బావి దగ్గరికి తీసుకెళ్లాడు. లోపలి రాతి మీద పాచి పట్టిన గీత కనిపించింది. కొలిస్తే నేల మట్టం నుంచి 4.5 మీటర్లు. వానాకాలం నీళ్లు అంతవరకూ వస్తాయి. గుంతలో వేసే మట్టి పొర అడుగుకూ భూగర్భ జల మట్టానికీ మధ్య కనీసం 2 మీటర్లు ఉండాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. డ్రాయింగు ప్రకారం పోతే మాకు మిగిలేది ఒక్క మీటరే.

తవ్వకం మీటరు తగ్గించి, ఆ మేరకు చుట్టూ కట్ట పెంచమని రాసి పంపాను. డిజైన్ ఆఫీసు వాళ్లకు నచ్చలేదు. బావి గీత ఫొటో పంపాక ఒప్పుకున్నారు.

ఫిబ్రవరి 27

గుంతలో ఏం పడుతుందో తెలియకుండా గుంత కట్టడమేమిటని, ఒక వార్డు బండిని నేల మీద గుమ్మరించాం. కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేసి, మిగిలింది మళ్లీ కలిపి, అలా 100 కిలోలకు తెచ్చాం. నేను, మేస్త్రి బాబాయ్, చెత్త ఏరే ఇద్దరు ఆడవాళ్లు టార్పలిన్ మీద కూర్చుని చేత్తో వేరుచేశాం. ఆ ఇద్దరి వేగం ముందు మేం ఎందుకూ పనికిరాలేదు. పాల కవరు ఏది, చిప్స్ కవరు ఏది అని వాళ్లు చూడనక్కర్లేదు. వేళ్ల మధ్య చప్పుడు చాలు.

లెక్క ఇలా వచ్చింది. తడి చెత్త 54 కిలోలు. రోడ్లు ఊడ్చిన మట్టి, కాలువ పూడిక 17. ప్లాస్టిక్ కవర్లు 9. కాగితం, అట్టలు 6. పాత బట్టలు 5. డైపర్లు, ప్యాడ్లు 4. గాజు, ఇనుము 2. ఏమిటో తేలనివి 3.

తడి చెత్తలో ముప్పాతిక దాకా నీళ్లే. అంటే 100 కిలోల బండిలో 40 కిలోల దాకా నీళ్లు మోసుకొచ్చి పోస్తున్నాం. డీజిల్ పెట్టి మరీ. రాత్రి గదిలో కూర్చుని సెల్ ఆయుష్షు లెక్క వేశాను. రోజూ చెత్త మీద పరిచే మట్టి కప్పుకు అయిదో వంతు పోగా మిగిలేది 16 వేల ఘనపు మీటర్లు. తొక్కించాక ఘనపు మీటరుకు 800 కిలోలనుకుంటే 12,800 టన్నులు. తడి చెత్త కంపోస్టుకు, పొడి చెత్త అమ్మకానికి పోయి, దేనికీ పనికిరాని 4 టన్నులే రోజూ ఇందులో పడితే దాదాపు 9 ఏళ్లు వస్తుంది. 21 టన్నులూ కలిపి పోస్తే 20 నెలలు. గుంత అదే, ఖర్చూ అదే.

మార్చి 24

ఉగాదికి ఊరెళ్లిన పాపం ఇది.

అడుగున 90 సెంటీమీటర్ల మట్టి పొర వేయాలి. నీరు దానిలోంచి సెకనుకు సెంటీమీటరులో కోటో వంతుకు మించి దిగకూడదు. ఏడాదికి 3 సెంటీమీటర్ల పైచిలుకు అన్నమాట. మాకు నల్లరేగడి అందుబాటులో ఉంది. తడిగా ఉన్నప్పుడు నీళ్లను అది ఆపినట్టు మామూలు మట్టి ఏదీ ఆపదు. తొక్కించాక 15 సెంటీమీటర్లకు దిగేలా ఆరు వరసలు. ల్యాబులో దీనికి సరైన తేమ 22 శాతం వచ్చింది. మేం కావాలనే 24 దగ్గర తొక్కిస్తున్నాం. కాస్త తడి ఎక్కువుంటే గడ్డలు మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పొడిగా తొక్కితే సాంద్రత బాగానే చూపిస్తుంది కానీ గడ్డల మధ్య సందులు అలాగే ఉండిపోతాయి. రోడ్డు పని చేసొచ్చిన రోలర్ డ్రైవర్‌కు ఇది నచ్చజెప్పేసరికి నా గొంతు పోయింది. "బురదలో తొక్కమంటారేంటి సార్" అని అతని బాధ.

మూడో వరస 21 సాయంత్రం అయింది. 22 ఉగాది. అందరం పచ్చడి తినడానికి వెళ్లిపోయాం. తడి గోనెలు కప్పి ఉంచమని కాపలా అన్నకు చెప్పాం కానీ, ట్యాంకరు రావాలని ఎవరికీ చెప్పలేదు. 23న వచ్చేసరికి ఎండిన చెరువులా నెర్రెలు. ఒక నెర్రెలో రూపాయి బిళ్ల నిలువుగా పెడితే పూర్తిగా లోపలికి జారిపోయింది. దాన్ని తీయడానికి బాబాయ్ పుల్లతో పావుగంట గెలికాడు, రూపాయి కోసం కాదు, లోతెంతో చూద్దామని. వరస మొత్తం దాటి కింది వరసలోకి దిగింది.

పైన నీళ్లు కొడితే మూసుకుంటుందని ఒకరు. మూసుకున్నట్టు కనిపిస్తుంది, నిజమే. కానీ మట్టి ఆ పగులును గుర్తుంచుకుంటుంది. రెండు వరసలూ దున్ని, తడిపి, మళ్లీ తొక్కిస్తున్నాం. ఐదు రోజులు వెనక్కి. ఇక నుంచి ఏ వరస పూర్తయినా మరుక్షణం నల్ల పాలిథీన్ షీటు కప్పి, దాని మీద తడి గోనెలు.

ఏప్రిల్ 18

పాత దిబ్బ సంగతి రాయలేదు ఇన్నాళ్లూ. ఇరవై ఏళ్లుగా పోసిన చెత్త. దాన్ని తవ్వి, వరసలుగా పోసి, కుళ్లబెట్టే సూక్ష్మజీవుల కల్చర్ చల్లి, వారానికోసారి తిరగేసి, ఆరాక ట్రామెల్ అనే తిరిగే యంత్రంలో జల్లెడ పట్టడం ఇంకో కాంట్రాక్టు. అయినా ఒకే గేటు, ఒకే టీ కొట్టు కాబట్టి వాళ్ల కష్టాలు మాకూ తెలుస్తాయి.

జల్లెడ దిగువన పడే సన్న మట్టి పల్లాలు పూడ్చడానికి పోతుంది. పైన మిగిలే కవర్లు, గుడ్డలు బేళ్లు కట్టి సిమెంటు ఫ్యాక్టరీకి ఇంధనంగా పంపాలి. పల్నాడులో వాటికి కొదవ లేదు. చుట్టుపక్కల 100 కిలోమీటర్లలో ఇలాంటి ఇంధనం తయారవుతుంటే, పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దీంతో భర్తీ చేయాలని ఆ 2016 నిబంధనల్లో కూడా ఉంది. కానీ ఫ్యాక్టరీ వాళ్లు తేమ 20 శాతం దాటితే గేటు దగ్గరే తిప్పి పంపుతారు. గత వారం రెండు లారీలు అలాగే వెనక్కొచ్చాయి. దిబ్బ పైన ఎండు, నాలుగడుగులు దిగితే ఏప్రిల్‌లో కూడా పొగలు కక్కే తడి. తడి కవరుకు మట్టి అంటుకుంటుంది, జల్లెడ కన్నాలు మూసుకుపోతాయి, గంటకోసారి మెషీన్ ఆపి ఇనప చువ్వతో పొడుస్తున్నారు.

చెత్త పనంటే ఏదో వాసన పని అనుకుంటారు బయట. ఇక్కడ అందరూ కొట్టుకునేది తేమ శాతం గురించి.

మే 6

అకాల వానలు. మట్టి పొర ఆరో వరస అయ్యాక పడ్డాయి కాబట్టి బతికాం. పై తొక్క గీకి, రోలర్ తిప్పి మళ్లీ నున్న చేశాం. ల్యాబు రిపోర్టు వచ్చింది. మూడు శాంపిళ్లూ పాస్.

మే 19

ఇక లైనర్, అంటే మట్టి పొర మీద పరిచే ప్లాస్టిక్ పొర. 1.5 మిల్లీమీటర్ల మందం, హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ షీటు. చుట్ట 7 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు, బరువు టన్నుకు కాస్త తక్కువ. ఒడిశా కుర్రాళ్లు అయిదుగురు వచ్చారు. వాళ్ల పెద్దవాడికి పాతికేళ్లుంటాయేమో. ఎక్కడెక్కడో ఇలాంటివి పరిచి వచ్చాడు.

మొదటి రోజు పొద్దున పరిచి, మధ్యాహ్నం చూస్తే షీటు నిండా అలలు. నల్ల ప్లాస్టిక్ కదా, 43 డిగ్రీల ఎండకు షీటు మీద చెయ్యి పెట్టలేం. లెక్క చూశా. 50 మీటర్ల షీటు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 30 సెంటీమీటర్లు సాగుతుంది. అడుగు పొడవు అదనపు షీటు ఎక్కడికి పోతుంది? ముడత పడుతుంది. ఆ ముడతల్ని అలాగే ఉంచి కంకర పోస్తే, కింద మట్టికి అతుక్కోకుండా గాలి సందు ఉండిపోతుంది. ఎక్కడైనా చిన్న చిల్లి పడితే నీరు ఆ సందు పొడవునా పారుతుంది. మట్టి, షీటు ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే రెండు పొరల వల్ల ప్రయోజనం.

కాబట్టి పని వేళలు మార్చాం. పొద్దున అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర వరకే అతుకులు. ఆ తర్వాత టెస్టులు, మధ్యాహ్నం చెట్టు కింద నిద్ర.

ఆ అతుకు పని చూడ్డానికి బాగుంటుంది. వేడి వెడ్జి మెషీన్ రెండు షీట్ల మధ్య నుంచి పాకుతూ పోతుంది, వెనక రెండు సమాంతర అతుకులు, వాటి మధ్య సన్నటి ఖాళీ గొట్టంలా మిగులుతుంది. రెండు చివరలూ మూసి, సూది గుచ్చి, ఆ సందులోకి 30 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి కొడతారు. అయిదు నిమిషాల్లో 3 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడిపోకూడదు. నిలిచింది కదా అని నేను రిజిస్టరులో సంతకం పెట్టబోతే ఆ కుర్రాడు ఆపాడు. అవతలి చివరకు నడిచి వెళ్లి బ్లేడుతో చిన్న గాటు పెట్టాడు. బుస్సుమని గాలి వచ్చింది. అప్పుడు చెయ్యి ఊపాడు, రాసుకోమని. మధ్యలో ఎక్కడైనా సందు మూసుకుపోయి ఉంటే గాలి సగం దూరమే వెళ్లి నిలుస్తుంది. ముల్లు కదలదు, మనం మొత్తం బాగుందనుకుంటాం. అవతల బుస్సుమంటేనే పరీక్ష పూర్తయినట్టు.

41 అతుకుల్లో రెండు నిలవలేదు. ఒకదాంట్లో ఇసుక రేణువులు. రెండోది తెల్లవారుజామున షీటు అంచున మిగిలిన తడి. గుడ్డతో తుడవడం మర్చిపోయారు. అక్కడ పైన పట్టీ వేసి, సబ్బు నీళ్లు పూసి, వ్యాక్యూమ్ బాక్సుతో బుడగలు రావని చూసుకున్నాం.

జూన్ 21

లైనర్ మీద జియోటెక్స్‌టైల్ అనే మందపాటి గుడ్డ, దాని మీద 30 సెంటీమీటర్ల కంకర, కంకరలో చిల్లుల పైపులు. చెత్తలోంచి దిగే ఊటనీరు ఈ పైపుల్లో చేరి, వాలు మీద సంపుకు, అక్కడ నుంచి చెరువులాంటి ట్యాంకుకు పోవాలి.

పైపులు వేసిన మర్నాడు చూస్తే చిల్లులు పైకి తిరిగి ఉన్నాయి. బాబాయ్‌ను అడిగితే నావైపు జాలిగా చూశాడు. "పైనుంచి వచ్చే నీళ్లు చిల్లుల్లోకి పడాలా వద్దా?" వినడానికి సబబుగానే ఉంది. కానీ కంకరలో నీరు ముందు అడుక్కి చేరి, అక్కడి నుంచి మట్టం పెరుగుతుంది. చిల్లులు పైన ఉంటే పైపు ఎత్తు మేరకు నీళ్లు లైనర్ మీద నిలిచాకే లోపలికి వెళ్తాయి. కింది వైపు, రెండు పక్కలకూ చిల్లులుంటే మొదటి చుక్క నుంచే పారుతుంది. బకెట్లో కంకర పోసి పైపు ముక్క పెట్టి చూపించాను. "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. చెప్పలేదు, నిజమే.

తిప్పి వేశాక ఒక ట్యాంకరు నీళ్లు పై మూలన వదిలాం. 5 వేల లీటర్లు. రెండు శాతం వాలు, 70 మీటర్ల దూరం. సంపు దగ్గర గొంతుక్కూర్చుని గడియారం చూస్తున్నా. 11 నిమిషాలకు మొదటి ధార. కుర్రాళ్లు ఈల వేశారు.

జులై 28

రాత్రి 62 మిల్లీమీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 4,200 చదరపు మీటర్ల గుంత. 260 ఘనపు మీటర్ల నీళ్లు, అంటే 52 ట్యాంకర్లు. చెత్త ఇంకా పోయలేదు కాబట్టి అవి మంచి నీళ్లే, తోడి కాలువలో వదిలేయొచ్చు. అసలు నష్టం అది కాదు. చుట్టూ కట్ట లోపలి వాలుకు పై భాగాన ఇంకా గడ్డి పట్టలేదు. అక్కడి మట్టి కొట్టుకొచ్చి, ఉత్తరం వైపు ఆరేడు మీటర్ల పట్టీ మేర కంకరలో దిగిపోయింది. కంకర సందులు బురదతో నిండితే పైపు ఎంత మంచిదైనా దండగ.

ఆ పట్టీ కంకరంతా పారలతో, చేత్తో ఎత్తాం. లైనర్ మీదకి మెషీన్ తేలేం కదా. కడిగి మళ్లీ పోయడానికి తొమ్మిది రోజులు పట్టేలా ఉంది.

ఇంకో సంగతి ఈ వానే నేర్పింది. మొత్తం 4,200 చదరపు మీటర్లలోనూ ఒకేసారి చెత్త మొదలెడితే, పడిన ప్రతి చుక్కా ఊటనీరు అయిపోతుంది. మధ్యలో అడ్డుకట్ట వేసి సగమే వాడాలి. మిగతా సగంలో పడింది వాన నీరుగానే బయటికి పోవాలి. ఇది డ్రాయింగులో లేదు. ఉండాల్సింది.

హైదరాబాద్ జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైగా పాత చెత్త గుట్ట మీద ఇప్పుడు పొర కప్పి గడ్డి పెంచారు. అంతకుముందు ఏళ్ల తరబడి దాని మీద పడ్డ వాన దిగి మల్కారం చెరువును నల్లగా చేసింది. పైన కప్పిన తర్వాత కూడా లోపల ఉన్న నీరు లోపలే ఉంటుంది, దాన్ని తోడి శుద్ధి చేస్తూనే ఉండాలి.

సెప్టెంబరు 4

మొదటి ట్రాక్టర్. కొబ్బరికాయ కొట్టారు. చెత్తకు కొబ్బరికాయేమిటని నవ్వుకున్నా, చిప్ప మాత్రం కంపోస్టు వైపు వేయించాను.

సెప్టెంబరు 29

రోజూ కాటా దగ్గర తగువే. ఈ సెల్‌లోకి వేరు చేయగా మిగిలిందే రావాలి. మూడు వార్డుల నుంచి అన్నీ కలిపిన బండ్లు వస్తున్నాయి. మొదటి రోజు తిప్పి పంపాను. డ్రైవరు వాదించలేదు, ఊరి చివర కాలువ గట్టున పోసి వెళ్లిపోయాడు. మర్నాడు అక్కడి వాళ్లొచ్చి నన్ను నిలదీశారు. వాళ్లదే న్యాయం.

ఇప్పుడు తిప్పి పంపడం లేదు. పక్కన ఓ గచ్చు మీద పోయించుకుని, ఆ ఏరే ఆడవాళ్లను రోజు కూలీ మీద పెట్టించి వేరు చేయిస్తున్నాం. వాళ్లలో పెద్దావిడ మొదటి రోజే నాకు చెప్పింది. "బాబూ, ఈ గ్లౌజులు వద్దు, కవరు ఏదో తెలీదు." సన్న రబ్బరువి తెప్పించాక ఊరుకుంది. రోజుకు 4 టన్నులు అనుకున్నది ప్రస్తుతం 7 దగ్గర ఉంది. అలాగే సాగితే 9 ఏళ్లు కాస్తా 5 అవుతుంది.

సాయంత్రం 10 సెంటీమీటర్ల మట్టి కప్పు. పాత దిబ్బ జల్లెడ మట్టినే వాడుతున్నాం. కుక్కలు తగ్గాయి, కాకులు తగ్గలేదు.

నవంబరు 11

అడ్డుకట్ట నిలబడింది. పడమటి సగంలో చెత్త, తూర్పు సగం ఖాళీ. ఊటనీటి ట్యాంకులో 120 ఘనపు మీటర్లు. డికాషన్ రంగు, డికాషన్ కంటే చిక్కన. కంపోస్టు వరసలు ఆరినప్పుడు కొంత వాటి మీదే చల్లుతున్నాం.

డిసెంబరు 6

మిచౌంగ్ నిన్న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వానమాపకంలో రెండు రోజులకు 136 మిల్లీమీటర్లు.

ముందు రోజే పడమటి సగంలో ముప్పాతిక భాగం టార్పలిన్ కప్పి, దాని మీద పడ్డ నీరు తూర్పు సగంలోకి జారేలా తాళ్లు కట్టాం. రాత్రి పదికల్లా తూర్పు గుంతలో మోకాలి లోతు. 5 హెచ్‌పీ డీజిల్ మోటారు పెట్టి తోడుతున్నాం. గంటకోసారి పెన్ను మీటరుతో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మోతాదు చూస్తున్నా. మంచి నీరు 240, ఊటనీరు 9 వేల పైన.

రాత్రి రెండింటికి అడ్డుకట్ట పక్క మూలలో పెన్ను 1,150 చూపించింది. మరోసారి ముంచా. 1,160. మోటారు ఆపించాను. "బయటికి వదిలే నీళ్లకు 2,100 దాకా ఒప్పుకుంటారు కదా సార్, పోనివ్వండి" అన్నాడు మా సూపర్‌వైజర్. నిజమే, కానీ అదే పట్టికలో బీఓడీ (నీళ్లలో కుళ్లే పదార్థం ఎంతుందో చెప్పే కొలత) 30 అని కూడా ఉంది, దాన్ని పెన్నుతో కొలవలేం. టార్చి వేసుకుని కట్ట వెంబడి చూస్తే, పైపు కట్టలోంచి దాటే చోట నల్లటి సన్న ధార. పైపు చుట్టూ మట్టి సరిగ్గా కూరలేదు. ఆ రోజు అక్కడ నిలబడి చూసింది నేనే.

తడిస్తే ఉబ్బే బెంటోనైట్ బంకమట్టి బస్తా ఒకటి మిగిలి ఉంటే ముద్ద చేసి కూరి, ఇసుక బస్తాలు పేర్చాం. ఆ మూలలో చేరిన నీళ్లను విడిగా ఊటనీటి ట్యాంకులోకి తోడాం. ఈలోగా గాలికి ఓ పక్క టార్పలిన్ చిరిగి 400 చదరపు మీటర్ల మేర చెత్త తడిసింది. ట్యాంకు నిండుతుందేమోనని తెల్లవార్లూ దాని గోడ మీద సుద్దముక్కతో గీతలు గీస్తూ కూర్చున్నాడు బాబాయ్. ఆఖరి గీత పై అంచుకు 23 సెంటీమీటర్ల కింద.

డిసెంబరు 9

తూర్పు సగం ఖాళీ అయింది. పెన్ను 260. సెల్‌కు ఎగువన, దిగువన ఉన్న పరిశీలన బోర్ల నుంచి, పక్క చేను పెద్దాయన బావి నుంచి శాంపిళ్లు తీసి ల్యాబుకు పంపాం. బావిలో నీళ్లు ఆ పాచి గీతకు రెండు జానెల దిగువకు వచ్చి ఆగాయి. ఆయన గట్టు మీదే ఉన్నాడు. "గీత తాకలేదులే" అన్నాడు, ఆ మాటలో కాస్త నిరాశ కూడా వినిపించింది నాకు.

పైపు దాటే చోట కట్ట కోసి, బెంటోనైట్ కాలర్‌తో మళ్లీ కట్టడం సోమవారం మొదలు. చిరిగిన టార్పలిన్ కుట్టడానికి బజారుకు పంపాను. రేపు ఆదివారం. ట్యాంకరు సంగతి, తాళ్ల సంగతి కాపలా అన్నకు రెండు సార్లు చెప్పి, కాగితం మీద కూడా రాసి గోడకు అంటించి వచ్చా.